రాతబల్ల మీది పాత సామాను కొనేముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పాతకాలపు రాతబల్ల సామాను సేకరించాలని మనసు పడ్డావని చదివి చాలా సంతోషించాను. సిరాబుడ్లు, పేపర్‌వెయిట్లు, లక్క ముద్రలు, కలాలు పెట్టే పళ్ళేలు, కవర్లు కోసే కత్తులు... చేయి తిరిగిన పనివాళ్ళు ప్రాణం పెట్టి చేసిన వస్తువులివి. వీటిని ముచ్చటగా చూసుకునే మనిషి మన ఇంట్లో ఇంకొకరు తయారయ్యారు.

నువ్వు ఏ కంపెనీవి కొనాలని అడిగావు. కంపెనీ సంగతి తర్వాత చూద్దాం. ఆ వస్తువు బల్ల మీద ఏ పని చేసేదో ముందు తెలుసుకో అమ్మడూ. అది తెలిస్తే అందులో ఏ భాగం పోయిందో, ఏది తర్వాత అతికించారో, ఏ కాలంలో చేశారో నీకే అర్థమవుతుంది. చాలామంది పేరు చూసి మురిసిపోయి డబ్బు కట్టేస్తారు. ఇంటికి తెచ్చుకున్నాక గానీ సగం వస్తువు లేదని తెలియదు.

సిరాబుడ్డినే తీసుకో. పైన వెండో కంచో ఉంటుంది, లోపల గాజుదో పింగాణీదో చిన్న గిన్నె ఉంటుంది. ఆ గిన్నె ఎందుకంటే, మాచికాయ, అన్నభేది కలిపి చేసిన పాత సిరాలో ఆమ్లం ఉంటుంది, లోహాన్ని తినేస్తుంది. కాబట్టి గిన్నె లేని సిరాబుడ్డి అసంపూర్ణమే. గిన్నె ఉంటే సరిపోదు, అది ఆ బుడ్డిదేనా అన్నది చూడాలి. వేలితో మెల్లగా తిప్పి చూడు. అసలుదైతే గూట్లో ఒద్దికగా కూర్చుంటుంది. ఎక్కడి నుంచో తెచ్చి పెట్టినదైతే అటూ ఇటూ ఆడుతుంది, లేదా మూత పూర్తిగా పడదు. తర్వాత మూత తెరిచి మడతబందు దగ్గర కళ్ళు పెట్టు. బూడిద రంగు టంకం బొట్లు కనబడితే ఎప్పుడో విరిగి అతికించారన్నమాట. లోపల సిరా మరక కనిపిస్తే కంగారు పడకు, నాకైతే అదంటే ఇష్టం. నిజంగా ఎవరో కూర్చుని రాశారని ఆ మరకే చెబుతుంది.

18వ శతాబ్దపు ఇంగ్లిష్ వెండి సిరా పళ్ళేల మీద రెండు బుడ్లు ఉండడం మామూలే. ఒకదాని మూతకి సన్నని చిల్లులుంటాయి. అది మిరియాల పొడి డబ్బా అనుకుని విడిగా అమ్మేసేవాళ్ళు ఉన్నారు. అద్దుడు కాగితం ఇంకా వాడుకలోకి రాని రోజుల్లో, తడి సిరా ఆరడానికి రాత మీద పొడి చల్లేవారు. ఆ పొడి డబ్బా అది. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు చేసినప్పుడు వాడిన వెండి సిరా పళ్ళెం ఫిలడెల్ఫియాలో భద్రంగా ఉంది. ఫిలిప్ సింగ్ అనే కంసాలి 1752లో చేసినది. 1787లో రాజ్యాంగం మీద సంతకాలకూ దాన్నే వాడారు. దాని ఫోటోలు వెతికి చూడు. సిరాకి ఒకటి, పొడికి ఒకటి, ఈక కలాలకి ఒకటి, మూడూ ఒకే పళ్ళెంలో ఎలా అమరాయో చూస్తే ఇక మరచిపోవు.

ఇలాగే ప్రతి వస్తువుకీ ఒక కారణం ఉంటుంది. 1840లో బ్రిటన్‌లో అంటించే తపాలా బిళ్ళలు వచ్చాయి. ఆ వెనకే వాటిని దాచుకునే చిట్టి పెట్టెలూ వచ్చాయి. వాటి లోపలి అరల అడుగు తరచుగా ఏటవాలుగా ఉంటుంది, వేలి కొసతో బిళ్ళని పైకి జరుపుకోవడానికి. ఎవరైనా ఇలాంటి పెట్టె 1800 నాటిదని చెబితే నమ్మాల్సిన పని లేదు. సిరా లోపలే నింపుకునే ఫౌంటెన్ పెన్నులు వచ్చాక సిరాబుడ్డి వెనకబడింది. 1920ల నుంచి పార్కర్, షేఫర్ లాంటి కంపెనీలు పాలరాయి, ఓనిక్స్ అనే చారల రాయి దిమ్మల మీద పెన్ను నిలబెట్టే సెట్లు చేశాయి. అవి కొనేటప్పుడు పెన్ను లోపలి రబ్బరు తిత్తి ఎండి పగిలి ఉంటుందని ముందే అనుకో. అది మార్చుకోవచ్చు. రాతి అంచున లేచిన పెచ్చుని మాత్రం ఏమీ చేయలేం.

ఇక నువ్వు పంపిన ఫోటోల సంగతి. టిఫనీ స్టూడియోస్ కంచు సెట్టు, ఐదు వస్తువులు, వేలంలో ఉందని టెన్షన్ పడుతున్నావు. నిదానంగా చూద్దాం. నాలుగింటి మీద రాశుల గుర్తులున్నాయి, అది జోడియాక్ అనే డిజైన్. ఉత్తరాల స్టాండు మాత్రం వేరు. దాని మీద ద్రాక్ష తీగల కంచు అల్లికా, వెనక రంగు గాజూ ఉన్నాయి. అది గ్రేప్‌వైన్ అనే ఇంకో డిజైన్. అంటే అది ఒక సెట్టు కాదు, రెండు సెట్లలోంచి ఏరి కూర్చినది. అలా కొనకూడదని కాదు, ఆ మాట వాళ్ళు చెప్పాలి, ధరలో ఆ తేడా కనబడాలి. అడుగున ఉన్న అచ్చు కూడా చదువు. స్టూడియో పేరు, న్యూయార్క్ అన్న మాట, ఒక అంకె ఉంటాయి. ఒక్కో రకం వస్తువుకి ఒక్కో అంకె. కలం పళ్ళేనికీ సిరాబుడ్డికీ ఒకే అంకె ఉంటే అనుమానించాల్సిందే. ఈ పేరుతో నకిలీలు చాలా తిరుగుతున్నాయి. ఇంకో తికమక కూడా ఉంది. 1837లో మొదలైన టిఫనీ అండ్ కంపెనీ తండ్రి చార్లెస్‌ది. ఈ కంచు సామాను చేయించిన స్టూడియో కొడుకు లూయిస్ కంఫర్ట్ టిఫనీది, అది 1930ల మొదట్లో మూతపడింది. అమ్మేవాళ్ళు రెండు పేర్లూ కలిపేస్తుంటే వాళ్ళకి సరుకు గురించి తెలియదనుకో.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఆ సిరాబుడ్డి తళతళ. ‘కొత్తదానిలా మెరిపించాం’ అని గొప్పగా రాసుకున్నారు. ఆ కంచు మీద గోధుమ, ఆకుపచ్చ కలిసిన రంగు పొర మురికి కాదు, తయారీలోనే కావాలని వేసినది. కొన్నిటికి బంగారు పూత వేసేవారు. దాన్ని రుద్ది తీసేస్తే ఆ పనివాడి పనిలో సగం పోయినట్టే, మళ్ళీ వేయించినా తెలిసినవాళ్ళు పోల్చుకుంటారు. అందుకని అమ్మడూ, ఏ కంచు వస్తువునీ పులుపు పెట్టి తోమకు, పాలిష్ రాయకు. మెత్తటి కుంచెతో దుమ్ము దులుపు, చాలు. ఈ సెట్టుని మాత్రం వదిలెయ్.

వెండి విషయం వేరు, దాన్ని తుడవొచ్చు, కానీ తక్కువగా. ప్రతిసారీ కాస్త వెండి పోతుంది, వస్తువు మీద కొట్టిన చిన్న ముద్రలు అరిగిపోతాయి. ముద్రలే పోతే వస్తువుకి సాక్ష్యం ఉండదు. ఇంగ్లిష్ వెండికి అడుగున నడిచే సింహం ఉంటే అది వెయ్యికి 925 పాళ్ళ వెండి. పక్కన ఊరి గుర్తు ఉంటుంది. చిరుతపులి తల లండన్‌ది, లంగరు బర్మింగ్‌హామ్‌ది. సంవత్సరానికి ఒక అక్షరం, పనివాడి పొడి అక్షరాలు కూడా ఉంటాయి. 1784 నుంచి 1890 దాకా పన్ను కట్టినందుకు రాజుదో రాణిదో తల కూడా కొట్టేవారు. విడిగా తీసే మూతల మీద కూడా ముద్రలు వెతుకు. ఒంటి మీద ఒక ఏడాది అక్షరం, మూత మీద ఇంకో ఏడాదిది ఉంటే అవి రెండూ తర్వాత జత పడినవే. ఈపీఎన్ఎస్ అని ఉంటే అది వెండి పూత. ఈ విద్యుత్ పూత పద్ధతికి ఎల్కింగ్టన్ కంపెనీ వాళ్ళు 1840లో పేటెంట్ తీసుకున్నారు. పూత వస్తువు తక్కువని నేను అనను, మంచి పనితనం ఉన్నవి ఎన్నో ఉన్నాయి. వెండి ధర పెట్టొద్దంటాను, అంతే.

తిరగేసి చూసేటప్పుడు మరలు కూడా చూడు. తల మీద కూడిక గుర్తులా గాడి ఉన్న మర 1930లలో వచ్చింది. విక్టోరియా కాలం నాటిదన్న దానికి అలాంటి మర ఉంటే, కనీసం అక్కడ మరమ్మతు జరిగింది. ఇంగ్లిష్‌లో దేశం పేరు కొట్టి ఉంటే అది చాలావరకు 1891 తర్వాతది. అమెరికా ఆ ఏడాది నుంచి దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని పట్టుబట్టింది.

పేపర్‌వెయిట్ల దగ్గరికి వస్తే నాకు మాటలు ఆగవు. ఫ్రాన్స్‌లో బకరా, సెయింట్ లూయీ, క్లిషీ అనే మూడు కార్ఖానాలు 1845 నుంచి 1860 దాకా చేసినవి ఈ విద్యకి శిఖరం. రంగురంగుల గాజు కడ్డీలని సన్నని ముక్కలుగా కోసి, పూలలా పేర్చి, పైన తేట గాజు పోసేవారు. బకరా వాటిల్లో కొన్నిటిలో ఆ పూల మధ్య ఒక చిట్టి ముక్క మీద బి అక్షరం, 1846 నుంచి 1849 లోపు ఏడాది ఉంటాయి. భూతద్దం పెట్టి వెతికితే ఆ అంకె కనిపించే క్షణం కోసమే నేను ఈ వ్యసనంలో పడ్డాననిపిస్తుంది. క్లిషీ వాటిలో గులాబీ రేకుల ముక్క చూడు, దాన్ని చూసే చాలామంది పోల్చుకుంటారు.

పేపర్‌వెయిట్ చేతిలోకి రాగానే దీపం కిందికి పట్టుకుని అడుగు చూడు. బల్ల మీద ఏళ్ళ తరబడి జరిగినదైతే, అడుగున ఆనే అంచు మీద సన్నని గీతలు నాలుగు దిక్కులా అడ్డదిడ్డంగా ఉంటాయి. పాతదిగా కనిపించాలని గరుకు కాగితంతో రుద్దినదైతే గీతలన్నీ ఒకే వైపు పోతాయి. తర్వాత మెల్లగా వంచుతూ పైభాగం చూడు. దెబ్బ తగిలిన చోట గాజు లోపల నెలవంకలా చిన్న మసక కనిపిస్తుంది. పైన మళ్ళీ సాన పట్టించారేమో కూడా గమనించు, అలా చేస్తే గోళం ఆకారం చదునుగా మారి లోపలి పూలు వంకరగా కనిపిస్తాయి. ఇంటికి తెచ్చాక దాన్ని ఎండ పడే కిటికీ దగ్గర పెట్టకు. గుండ్రటి గాజు ఎండని ఒకచోటికి చేర్చి కాగితాన్ని అంటించగలదు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, నిజంగా జరిగేదే.

గడియారాల్లో ఆట్మాస్ మీద మనసుందని రాశావు. మంచి ఎంపిక. జాన్ లియాన్ రాయిటర్ 1928లో కనిపెట్టిన యంత్రం అది. మూసిన పెట్టెలోని వాయువు వేడికి వ్యాకోచించి, చలికి ముడుచుకుంటూ స్ప్రింగుని తిప్పుతుంది. ఒక డిగ్రీ తేడా వస్తే చాలు, దాదాపు రెండు రోజులు నడుస్తుంది. కదిలించేముందు కింద ఉన్న మీటతో లోలకానికి తాళం వేసి తీరాలి. దూరం నుంచి కొంటుంటే తాళం వేశాకే ప్యాక్ చేయమని రాతపూర్వకంగా అడుగు. లేకపోతే సన్నటి తీగ తెగి, మరమ్మతు ఖర్చు తలకు మించిన భారమవుతుంది.

వియన్నా ఆబాక్ వాళ్ళ ఇత్తడి పేపర్‌వెయిట్లు, కత్తులు కూడా నీకు నచ్చుతాయి. కానీ ఆ వర్క్‌షాపు పాత డిజైన్లని ఇప్పటికీ చేస్తోంది. అది ఎప్పుడు చేసినదో అడగకుండా కొనకు.

ఒక్క విషయంలో మాత్రం నా మాట దాటొద్దు. పాత కత్తుల పిడులు, లక్క ముద్రల పిడులు చాలావాటికి ఏనుగు దంతం ఉంటుంది, కొన్నిటికి తాబేటి చిప్ప. దంతాన్ని అడ్డంగా కోసిన చోట ఒకదాన్నొకటి దాటుకునే సన్నని వంపు గీతలు కనిపిస్తాయి. ఎముకైతే నల్లటి చుక్కలు, చారలు ఉంటాయి. 1990 నుంచి ఆఫ్రికా ఏనుగు దంతం అంతర్జాతీయ వ్యాపారం నిషేధంలో ఉంది, ఎన్నో దేశాల్లో లోపలి అమ్మకం మీద కూడా కట్టడి ఉంది. పాతదే కదా అని తెచ్చుకుంటే కస్టమ్స్‌లో చిక్కుకుపోతుంది. అంతకంటే, దాని కోసం ఏనుగులు చచ్చాయి. ఎంత అందంగా ఉన్నా వద్దు.

దాచుకోవడంలో రెండు మూడు జాగ్రత్తలు. వెండిని రబ్బరు బ్యాండ్లతో చుట్టకు, ఉన్ని బట్టలో పెట్టకు, వాటిలోని గంధకానికి నల్లబడుతుంది. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌తో చేసిన పెన్నులని, రూళ్ళని లోహపు సామానుతో కలిపి గట్టిగా మూసిన పెట్టెలో ఉంచకు. అవి పాతబడి ఆమ్లపు ఆవిరి వదులుతాయి, పక్కనున్నవాటిని పాడుచేస్తాయి. తోలు సామాను ముట్టుకుంటే ఎర్రటి పొడి చేతికి అంటుతుంటే దాన్ని వదిలెయ్, ఆ జబ్బుకి మందు లేదు.

మొదట ఒకే రకం ఎంచుకో. వేలానికి ముందు వస్తువులు చూడనిచ్చే రోజున వెళ్ళి, కొనకపోయినా చేత్తో పట్టుకుని చూడు. కొన్న ప్రతిదానికీ ఒక నోటు పుస్తకంలో ఎక్కడ కొన్నావు, ఎవరు అమ్మారు, అడుగున ఏ ముద్రలున్నాయి, ఏ లోపం చూసి కొన్నావు, అన్నీ రాసి, రసీదు అక్కడే అంటించు. తర్వాత ఏదైనా మరమ్మతు చేయిస్తే అది కూడా తేదీతో సహా రాయి.

ఉంటాను.
మామయ్య