వారానికి ఒక్కసారి వేయాల్సిన మాత్ర రోజూ వేశాను.. తప్పంతా నాదేనా?

ప్రశ్న: మాది సోంపేట మండలం. మా అత్తగారికి 58 ఏళ్లు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ 10 మిల్లీగ్రాముల మాత్ర, దానితోపాటు ఫోలిక్ యాసిడ్ మాత్ర రాశారు. మొదటిది వారానికి ఒకసారే వేయాలని తెలియక, 9 రోజులపాటు రెండూ కలిపి రోజూ నేనే వేశాను. నోరంతా పూసి, జ్వరం వచ్చింది. శ్రీకాకుళం ఆసుపత్రిలో చేర్పిస్తే రక్తకణాలు బాగా పడిపోయాయన్నారు. ఇప్పుడు ఇంటికి వచ్చారు. ‘డిగ్రీ చదివావు, చీటీ చూసుకోవద్దా’ అని ఆసుపత్రిలోనూ అన్నారు, ఇంట్లోనూ అంటున్నారు. తప్పంతా నాదేనా? ఆ మందు మళ్లీ వాడవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారి సంగతి చెబుతాను. ఇంటికి వచ్చినంత మాత్రాన గండం పూర్తిగా గడిచిందని అనుకోవద్దు. రక్తకణాల సంఖ్య, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, లివర్ పరీక్షలు ఎన్ని రోజులకొకసారి చేయించాలో ఆసుపత్రి వారిని అడిగి, అన్నీ మామూలు స్థాయికి వచ్చేవరకు తప్పకుండా చేయించండి. మళ్లీ జ్వరం వచ్చినా, చిగుళ్ల నుంచి రక్తం కారినా, చర్మం కమిలినట్టు మచ్చలు కనిపించినా, పొడి దగ్గుతో ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

శరీరంలో కొత్త కణాలు పుట్టాలంటే ఫోలేట్ అనే విటమిన్ అవసరం. మెథోట్రెక్సేట్ ఆ విటమిన్ పనికి అడ్డుపడుతుంది. వారానికి ఒక్కసారి వేసుకుంటే మిగిలిన రోజుల్లో శరీరం తేరుకుంటుంది. రోజూ వేసుకుంటే ఆ వ్యవధి దొరకదు కాబట్టి, ఎప్పటికప్పుడు కొత్త కణాలు పుట్టవలసిన నోటి పొర, పేగుల పొర, ఎముక మజ్జ ముందుగా దెబ్బతింటాయి. నోరు పూయడం అందుకే. మీరు రోజూ ఇచ్చిన ఫోలిక్ యాసిడ్ దీనికి విరుగుడుగా సరిపోదు. ఆ పనికి ఆసుపత్రిలో ఇచ్చే ఫోలినిక్ యాసిడ్ వేరు. ఈ మందు శరీరం నుంచి ఎక్కువ భాగం కిడ్నీల ద్వారానే బయటకు పోతుంది. మీరున్నది ఉద్దానం ప్రాంతం. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో పైకి ఏ బాధా లేనివారిలో కూడా కిడ్నీలు దెబ్బతిని ఉండటం మనం చూస్తూనే ఉన్నాం. అందువల్ల అక్కడివారికి ఈ మందు మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ చూడటం మరీ ముఖ్యం. మీ అత్తగారికి ఆ పరీక్ష చేశారో లేదో పాత కాగితాల్లో చూడండి.

ఇక మీ ప్రశ్న. ఈ పొరపాటు మీ ఒక్క ఇంట్లో జరిగింది కాదు. రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవారు చాలా దేశాల్లో ఉన్నారు. అందుకే 2019లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ, మందు పెట్టెపై హెచ్చరిక మరింత స్పష్టంగా ఉండాలని, వారానికి ఒకసారే అని గుర్తుచేసే కార్డు రోగికి ఇవ్వాలని సూచించింది. చదువుకున్నవారు కూడా పొరబడతారని తెలిసే కదా ఇన్ని జాగ్రత్తలు.

నా చేతి మీదుగా జరిగినది కూడా చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒకామెకు ఇదే మందు రాసి, పక్కన ఇంగ్లిష్‌లో ‘వీక్లీ’ అని రాశాను. రెండు వారాలు తిరక్కుండానే ఆమె మంచినీళ్లు కూడా మింగలేని స్థితిలో వచ్చింది. కొంగుముడి విప్పి మెథోట్రెక్సేట్‌ది ఒకటి, ఫోలిక్ యాసిడ్‌ది ఒకటి, రెండు స్ట్రిప్పులు నా బల్ల మీద పెట్టింది. రెండింట్లోనూ చిన్న పసుపుపచ్చ మాత్రలే. రెండింటి మీదా మందుల షాపులో పెన్నుతో గీసిన ఒక్కొక్క గీత. ఆ గీతకు ఆమెకు తెలిసిన అర్థం రోజుకు ఒకటి అని. నేను రాసిన మాట ఆమె వరకు చేరనే లేదు. అప్పటి నుంచి ‘మీ ఊరి సంత ఏ రోజు’ అని అడిగి, ఆ రోజు పేరునే మాత్ర వేసుకునే రోజుగా తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, వారి నోటితో ఒకసారి తిరిగి చెప్పించుకున్నాకే చీటీ చేతికిస్తున్నాను.

మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలతో రాయాలని మెడికల్ కౌన్సిల్ 2016లోనే నిబంధన పెట్టింది. మందు ఎలా వాడాలో రోగికి వివరించడం ఫార్మసిస్టు విధి అని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు చెబుతున్నాయి. ఈ రెండు మెట్లూ దాటి వచ్చిన పొరపాటును చివరి మెట్టు మీదున్న కోడలి నెత్తిన వేయడం నాకు బాధ కలిగిస్తోంది. మీ వంతు ఏమీ లేదని నేను అనను. అర్థం కాని చీటీని షాపులోనే చదివించుకోవాలి, వాడుతున్న నొప్పి మాత్రలన్నీ డాక్టరుకు చెప్పాలి, కొత్త మందు మొదలయ్యాక నోరు పూస్తే మాత్ర ఆపి ఫోన్ చేయాలి. అయితే నోరు పూస్తే ఆపాలని మీకు ఎవరైనా చెప్పారా? చెప్పని మాటను పాటించలేదని నిందించడం న్యాయం కాదు.

ఈ నింద వల్ల వైద్యానికి కూడా చేటే. తిడతారన్న భయంతో ‘చెప్పినట్టే వేశామండీ’ అని అబద్ధమాడేవారిని వార్డులో చూశాను. అసలు ఎన్ని మాత్రలు పడ్డాయో తెలియక విరుగుడు ఆలస్యమవుతుంది. మీరు 9 రోజులని దాచకుండా చెప్పి ఉంటే, మీ అత్తగారు కోలుకోవడంలో ఆ మాటకు కూడా పాలు ఉంది. ఈ పేరా మీ ఇంట్లోవారికి చదివి వినిపించండి.

మందు మళ్లీ వాడే విషయం. ఇది ఆమె శరీరానికి పడదని ఇప్పుడే తేల్చలేం, ఎందుకంటే జరిగింది మోతాదు పొరపాటు. రక్తకణాలు, కిడ్నీలు బాగున్నాయని తేలాక, కీళ్లవాత నిపుణులు దీన్నే వారానికి ఒకసారి మొదలుపెట్టవచ్చు, లేదా హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్ వంటివి ఎంచుకోవచ్చు. ఇంట్లో మిగిలిన స్ట్రిప్పు నుంచి మాత్రం ఒక్క మాత్ర కూడా వేయకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ వంటి వాటికి ఎవరైనా కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తే, మెథోట్రెక్సేట్ వాడిన సంగతి తప్పక చెప్పండి. ఈ రెండూ కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. ఈలోగా నొప్పి భరించలేక పేరు లేని పొడులు, షాపులో అడిగి తెచ్చే నొప్పి మాత్రలు వాడవద్దు.

జరిగినదాన్ని, మందుల వల్ల కలిగే హాని వివరాలు సేకరించే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం వారి 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి మీరే తెలియజేయవచ్చు. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వడం వైద్యుల బాధ్యత కాబట్టి కేస్ షీట్ నకలు తీసుకోండి. డబ్బు చెల్లించి పొందిన వైద్యంపై వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలనుకుంటే 2 సంవత్సరాల గడువు ఉంటుంది. పాత చీటీని, ఇంట్లో మిగిలిన ఆ స్ట్రిప్పును పారేయకుండా, పిల్లలకు అందని చోట ఒక కవరులో పెట్టి, ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి.