స్టాంపు పేపరు మీద వేలిముద్ర పడితే కేసు ముగిసినట్టేనా?

ప్రశ్న: పర్లాకిమిడి దగ్గర మాకు రైస్ మిల్లు ఉంది. 2025 జూన్‌లో ఎలివేటర్ బూట్‌లో, అంటే ధాన్యాన్ని పైకెత్తే బకెట్ల బెల్టు అడుగు పెట్టెలో, ధాన్యం అడ్డం పడితే, బెల్టు తిరుగుతుండగానే ఒక కుర్రాడు చెయ్యి పెట్టాడు. ఎడమ చేతి వేళ్లు మూడు పోయాయి. వయసు 30, నెలకు 12,000 ఇచ్చేవాళ్లం. చెయ్యి పెట్టొద్దని వందసార్లు చెప్పాను. పైగా ఆ రోజు తాగి వచ్చాడు. అయినా సొంత తమ్ముడిలా చూసుకుని బరంపురం ఆసుపత్రిలో 1,80,000 ఖర్చు పెట్టాను. తర్వాత పెద్దమనుషుల ముందు 1,50,000 ఇచ్చి స్టాంపు పేపరు మీద ఒడియాలో రాయించి వేలిముద్ర తీసుకున్నాను. అతనిది ఆంధ్రా వైపు, తెలుగు తప్ప చదవలేడు. ఇప్పుడు పాతపట్నంలో లాయరును పట్టుకుని మళ్లీ డబ్బు అడుగుతున్నాడు. అతను కాంట్రాక్టరు మనిషి, మా మస్టర్‌లో (హాజరు పట్టీలో) పేరు లేదు. అందరినీ కలిపితే 24 మంది ఉంటాం. మా ఊరికి ఈఎస్ఐ లేదు. ఎనిమిది నెలలు దాటాయి కాబట్టి ఏ కేసూ నిలవదని, బెల్టుకు గార్డు (రక్షణ తొడుగు) కొన్నట్టు పాత తేదీతో బిల్లు పెట్టుకుంటే చాలని మా అకౌంటెంట్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: మీ ఉత్తరంలో సగం అతని విశ్వాసం లేనితనం గురించే ఉంది. దానితో పరిహారం తేల్చే కమిషనర్‌కు పనిలేదు. మీ కేసును తేల్చేది ఒక్క ప్రశ్న: ఆ స్టాంపు పేపరును ఉద్యోగుల పరిహార చట్టం 28వ సెక్షన్ కింద పరిహార కమిషనర్ దగ్గర రిజిస్టరు చేయించారా? చేయించలేదు. చేయించని ఒప్పందం ఎంత పెద్ద స్టాంపు మీద ఉన్నా, ఎందరు పెద్దమనుషులు సంతకాలు పెట్టినా, పూర్తి పరిహారం బాధ్యత మీ మీదే ఉంటుందని 29వ సెక్షన్ చెబుతుంది. కమిషనర్ వేరేగా ఆదేశిస్తే తప్ప, మీరిచ్చిన దానిలో సగానికి మించి తగ్గించుకునే వీలు కూడా లేదు. అంటే మీ 1,50,000లో లెక్కకొచ్చేది 75,000. ఇప్పుడు రిజిస్టరుకు తీసుకెళ్లినా, తెలుగు తప్ప చదవలేని మనిషి చేత ఒడియా కాగితం మీద వేలిముద్ర వేయించిన ఒప్పందాన్ని, అదీ ఇంత తక్కువ సొమ్ముకు, ఏ కమిషనరూ ఒప్పుకోడు.

ఆసుపత్రి 1,80,000 గురించి ఆశ పెట్టుకోకండి. వైద్యం ఖర్చు యజమాని విడిగా భరించాల్సిందే. అది పరిహారం కిందకు రాదు, అందులోంచి తగ్గదు. బిల్లులు మాత్రం దాచండి, అది మళ్లీ అడగకుండా ఉండటానికి పనికొస్తాయి.

అసలు లెక్క ఇది. నెల జీతంలో 60 శాతం, అంటే 7,200. ముప్పై ఏళ్ల వయసుకు చట్టం పట్టికలో గుణకం 207.98. రెండూ హెచ్చిస్తే 14,97,456. ఒక చేతి మూడు వేళ్లు పోతే మొదటి షెడ్యూలు ప్రకారం 30 శాతం సంపాదన శక్తి పోయినట్టు, కాబట్టి 4,49,237. ఇది కనీసం. జీతం రిజిస్టరు చూపలేకపోతే అతను నెలకు 15,000 అంటాడు. అదే చట్టం లెక్కకు తీసుకునే గరిష్ఠ జీతం. అప్పుడు అంకె 5,61,546 అవుతుంది. ఒక్క రిజిస్టరు రాయనందుకు లక్ష పైచిలుకు తేడా.

మీకు దగ్గరి ఉదాహరణే ఉంది. కోరాపుట్ జిల్లా జైపూర్‌కు చెందిన సినిమా హాళ్ల యజమాని దగ్గర 1968లో పనిచేస్తూ పడిపోయి ఎడమ చెయ్యి పోగొట్టుకున్న వడ్రంగి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒంటి చేతితో వడ్రంగం చేయలేడు కాబట్టి అది పూర్తి వైకల్యమేనని 1975లో కోర్టు తేల్చింది. పరిహారం కమిషనర్ తీర్పు రోజు నుంచి కాదు, ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ అని కూడా చెప్పింది. మీకు నొప్పి కలిగించేది ఆ రెండో మాటే. ఏడాదికి 12 శాతం వడ్డీ ఆ రోజు నుంచే నడుస్తోంది. ఆలస్యానికి సరైన కారణం చూపలేకపోతే 50 శాతం దాకా పెనాల్టీ అదనం.

ఇక తాగాడన్న మాట. ఇది శాశ్వత పాక్షిక వైకల్యం కాబట్టి ఆ వాదన చట్టంలో ఉంది, కాదనను. కానీ ప్రమాదానికి నేరుగా తాగుడే కారణమని మీరు రుజువు చేయాలి. ఆసుపత్రి అడ్మిషన్ షీటులో డాక్టరు మద్యం వాసన అని రాశాడా? రాయకపోతే ఆ మాట మానేయండి. 'వందసార్లు చెప్పాను' అన్నదీ ఒక్కటే చాలదు. భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని అతను కావాలని ధిక్కరించాడనో, పెట్టిన గార్డును కావాలని తీసేశాడనో మీరు రుజువు చేయాలి. మీరు గార్డే పెట్టలేదు. తిరిగే బెల్టుకు గట్టి అడ్డు ఉండాలని ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ అంటుంది. నోటిమాట అడ్డు కాదు.

కాంట్రాక్టరు మనిషి అన్నదీ కాపాడదు. 12వ సెక్షన్ ప్రకారం అతను మిమ్మల్నే అడగవచ్చు, మీరు కట్టి కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలి. సరిహద్దు అవతలి మనిషి అన్నదీ అంతే. అతను నివసించే చోటే, అంటే శ్రీకాకుళం జిల్లా కమిషనర్ దగ్గరే కేసు వేయవచ్చు. మీరు అక్కడికి తిరగాలి.

గడువు విషయంలో మీ అకౌంటెంట్ సగం విని పూర్తిగా చెప్పాడు. పరిహారం కోరడానికి ప్రమాదం నుంచి రెండేళ్లు, అంటే 2027 జూన్ దాకా. ఫ్యాక్టరీ కేసుకు మూడు నెలలే, నిజమే. కానీ ఆ మూడు నెలలు ప్రమాదం రోజు నుంచి కాదు, ఇన్‌స్పెక్టరుకు తెలిసిన రోజు నుంచి మొదలవుతాయి. 48 గంటలకు మించి పనికి రాలేని గాయమైతే నోటీసు పంపాలి. మీరు పంపలేదు, కాబట్టి గడియారం ఇంకా మొదలే కాలేదు. దాచడం వల్ల గడువు పోలేదు, మీ మెడ మీద అలాగే వేలాడుతోంది.

పాత తేదీ బిల్లు మాట మళ్లీ ఎత్తకండి. అమ్మినవాడి జీఎస్టీ లెక్కల్లో ఆ నంబరు ఉండదు. ఆ గార్డును ఎవరు బిగించారని ఒక్క ప్రశ్న అడిగితే మీ మేస్త్రీ తడబడతాడు. న్యాయవిచారణ కోసం సృష్టించిన తప్పుడు సాక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. గార్డు లేని మిల్లుకు ఫ్యాక్టరీల చట్టంలో ఉన్న గరిష్ఠ శిక్ష రెండేళ్లు, లక్ష జరిమానా. చిన్న తప్పును కప్పడానికి పెద్ద నేరం చేయమంటున్నాడు మీ అకౌంటెంట్.

చేయాల్సింది ఇది. మీరు ఒప్పుకునే మొత్తాన్ని, వడ్డీ లెక్కతో సహా, పరిహార కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయండి. చేతికి ఇవ్వకండి. ఎంత ఇవ్వాలో తగువున్నా, ఒప్పుకున్నంత వెంటనే కట్టాలని 4ఏ సెక్షన్ చెబుతుంది. కట్టినంత మేర వడ్డీ ఆగుతుంది, కమిషనర్ రసీదు మీకు రక్షణ. స్టాంపు పేపరు, 1,50,000 ఇచ్చిన ఆధారం కూడా జత చేయండి. ఆలస్యమైనా ప్రమాద నోటీసు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు పంపి నకలు ఉంచుకోండి. కేసు పడవచ్చు. జరిమానాతో పోయే అవకాశం ఇప్పుడే ఎక్కువ. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి గానీ, మీ ప్రమాదం అంతకు ముందుది, పాత చట్టాలతోనే నడుస్తుంది. మీ ఊరు ఈఎస్ఐ నోటిఫికేషన్‌లో లేదన్న మాట ఒకసారి రాతపూర్వకంగా రూఢి చేసుకోండి. ఉంటే దారే మారిపోతుంది.

బూట్ ఇప్పుడున్న స్థితిని ఫొటో తీసి, ఈ రోజే గార్డు పెట్టించండి. ఇప్పుడు పెడితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని భయపడి ఆపితే రేపు ఇంకో చెయ్యి పోతుంది. బూట్ తలుపు స్పానర్ లేకుండా ఊడకూడదు, తీస్తే మోటారు ఆగేలా లిమిట్ స్విచ్ ఉండాలి. మోటారు ఆపినా ఒకవైపు బకెట్లలో నిండిన ధాన్యం బరువుకు బెల్టు వెనక్కి జారుతుంది, చాలామంది వేళ్లు పోయేది అప్పుడే. అందుకని పైన షాఫ్టుకు బ్యాక్‌స్టాప్, అంటే వెనక్కి తిరగనివ్వని అడ్డు, ఉండాలి. అడ్డం తీసేటప్పుడు మెయిన్ స్విచ్ దించి తాళం వేసి, ఆ తాళంచెవి చెయ్యి పెట్టేవాడి జేబులోనే ఉండాలి.