జనవరిలో రాయాలా, ఏప్రిల్‌ దాకా ఆగాలా?

ప్రశ్న: మాస్టారూ, మా బాబు ఇంటర్‌ సెకండియర్‌ ఎంపీసీ. జేఈఈ మెయిన్‌ జనవరి సెషన్‌ రాయనంటున్నాడు. ఆర్గానిక్‌ సగం, మోడర్న్‌ ఫిజిక్స్‌ మొత్తం మిగిలిపోతాయట. ఏప్రిల్‌లో ఒక్కసారే బాగా రాస్తాడట. వాళ్ల నాన్నేమో రెండూ రాయాల్సిందేనంటున్నారు. జనవరిలో తక్కువొస్తే ఆ మచ్చ ఉండిపోతుందా? ఫస్టియర్‌ చదివే మా పాపతో కూడా అనుభవం కోసం రాయించవచ్చా? సంక్రాంతికి పిల్లాణ్ని అమ్మమ్మగారింటికి పంపనా, మాననా?
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, ఈ విషయంలో నా ఓటు మీవారికే. రాయించండి.

మచ్చేమీ ఉండదు. రెండుసార్లు రాస్తే ఎక్కువ వచ్చిన స్కోరునే ర్యాంకుకి తీసుకుంటారు. తక్కువది లెక్కలోకే రాదు. కాకపోతే ఈ నిర్ణయం పండగ దాకా లాగొద్దు. 2025 జనవరి పరీక్షకి దరఖాస్తుల గడువు 2024 నవంబరు 22నే అయిపోయింది.

మీవాడు ఏప్రిల్‌ నాటికి సిలబస్‌ అంతా అయిపోతుందనుకుంటున్నాడు. అవుతుంది, నిజమే. కానీ అప్పటికి వాడి ఒంట్లో ఓపిక ఎంత మిగులుతుందో లెక్క వేసుకోలేదు. 2025 సంగతే చూడండి. తెలంగాణలో ప్రాక్టికల్స్‌ ఫిబ్రవరి 3న మొదలయ్యాయి. థియరీ పరీక్షలు మార్చి 5 నుంచి 25 వరకు జరిగాయి. ఏప్రిల్‌ 2నే మళ్లీ జేఈఈ. ఎంపీసీ వాళ్లకి చివరి ముఖ్య పరీక్ష అయ్యాక మధ్యలో దొరికింది రెండు వారాలు కూడా లేదు. రికార్డులు, వైవాలు, పెద్ద జవాబులు రాసి రాసి నొప్పెట్టిన వేళ్లు, వీటన్నిటి తర్వాత ఆ కాస్త రోజుల్లో ఎవరైనా కొత్తగా ఏం చదువుతారు?

మా మనవరాలు ఆ ఏడే రాసింది. జనవరిలో 86 పర్సంటైల్‌ వచ్చింది, అంటే నూటికి 86 మంది తనకంటే వెనకో, తనతో సమానంగానో ఉన్నట్టు. 'ఇది ట్రయలే తాతయ్యా' అంది. ఏప్రిల్‌లో 81కి దిగింది. చివరికి లెక్కలోకి వచ్చింది ఆ ట్రయలే. అందరికీ ఇలాగే అవుతుందని అనను, ఏప్రిల్‌లో బాగా పెరిగిన పిల్లలూ నాకు తెలుసు. కానీ ఆ పిల్ల ఏప్రిల్‌ కోసమే ఆగి ఉంటే చేతిలో 81 మాత్రమే మిగిలేది.

జనవరి పరీక్షలో తను నేర్చుకున్న సంగతి ఇంకొకటి ఉంది. లెక్క సగం చేసి, తర్వాత చూద్దామని గుర్తు పెట్టుకుని ముందుకెళ్లింది. పావుగంట తర్వాత వెనక్కొస్తే రఫ్‌ కాగితం నిండా అంకెలే, ఏ ముక్క ఏ ప్రశ్నదో తెలియలేదు. మళ్లీ మొదటినుంచి చేసింది. ఏప్రిల్‌లో ప్రతి లెక్క పక్కనా ప్రశ్న నంబరు రాసి చుట్టూ గడి గీసుకుంది. ముప్పై ఏళ్లు జూనియర్‌ కాలేజీలో లెక్కలు చెప్పినవాణ్ని, ఈ చిన్న మాట ఏ పిల్లాడికీ చెప్పాలని నాకు తట్టలేదు. నేను ఎరిగిందంతా కాగితం పరీక్షే మరి. ఈ కంప్యూటర్‌ పరీక్షలో అంకె వేయాలన్నా కీబోర్డు ముట్టుకోకూడదు, తెర మీద కనిపించే అంకెల్ని మౌస్‌తో నొక్కాలి.

సిలబస్‌ మిగిలిందని టెన్షన్‌ పడొద్దని చెప్పండి. 75 ప్రశ్నలు, 300 మార్కులు. తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది. చదవని పాఠం వస్తే వదిలేసి, వచ్చినవి శుభ్రంగా చేయడమే జనవరిలో వాడి పని. అసలు వదలడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలున్నా మైనస్‌ మార్కులు లేవు కాబట్టి అక్కడ అన్నీ పెట్టేయవచ్చు. ఆ అలవాటుతో ఇక్కడికొస్తే దెబ్బ తింటారు.

అలాగని ఇంటర్‌ పుస్తకాలు అటకెక్కించనివ్వకండి. ఎన్‌ఐటీలో సీటు కావాలంటే మెయిన్‌ ర్యాంకొక్కటే చాలదు, ఇంటర్‌లో 75 శాతమైనా ఉండాలి, లేదా బోర్డులో టాప్‌ 20 పర్సంటైల్‌లోనైనా ఉండాలి. జనవరి పరీక్ష మర్నాటి నుంచి మార్చి ఆఖరు దాకా బోర్డు చదువే చదవమనండి. ఆ రెండు నెలలూ ఇంట్లో జేఈఈ మాట ఎత్తకండి, ముఖ్యంగా మీవారు.

పాపకి ఇప్పుడు అర్హత లేదు. సెకండియర్‌ రాసే ఏడాదే మొదటి అవకాశం, ఆ తర్వాత ఇంకో రెండేళ్లు రాసుకోవచ్చు. మెయిన్‌ తర్వాత ఐఐటీల కోసం రాసే అడ్వాన్స్‌డ్‌ మాత్రం వరుసగా రెండేళ్లే. ఈ లోపు మా మనవరాలి రఫ్‌ కాగితం కథ దానికి కూడా వినిపించండి.

పండక్కి తప్పకుండా పంపండి. కనుమనాడు కాకి కూడా కదలదంటారు కదా, ముక్కనుమ పొద్దున్నే బస్సెక్కించమని అమ్మమ్మగారికి చెప్పండి. పుస్తకాల సంచీ మాత్రం కట్టకండి, ఎలాగూ విప్పడు.