పన్నెండు అడుగుల పెరట్లో ఏ చెట్టు సరిపోతుంది?

నెల్లూరులో 40 అంకణాల్లో (మన వైపు అంకణం అంటే 72 చదరపు అడుగులు) ఇల్లు కట్టుకున్నామని, వెనక 12 అడుగుల వెడల్పు, 35 అడుగుల పొడవు నేల మిగిలిందని రాశారు. అందులో బంగినపల్లి, సపోటా, జామ, నిమ్మ, ఒక కొబ్బరి పెట్టొచ్చా అని అడిగారు. ఐదూ కలిపి వద్దండీ. ముఖ్యంగా బంగినపల్లి వద్దు. ఇది మా ఇంట్లో జరిగింది కాబట్టి చెబుతున్నాను.

మాది కావలి. 1996లో ఇల్లు కట్టినప్పుడు మా నాయన ప్రహరీకి నాలుగడుగుల దూరంలో బంగినపల్లి అంటు నాటాడు. అప్పటికి మొక్క నా మోకాలెత్తు. నాలుగో ఏడు కాపుకొచ్చింది, వీధంతా పంచాం. పదిహేనేళ్లకు మేడ దాటిపోయింది. సగం కొమ్మలు పక్కింటి మీదే. మా ఆకులు వాళ్ల నీళ్ల ట్యాంకులో రాలేవి. పూత కాలంలో తేనెమంచు పురుగు పట్టి, ఆ జిగురంతా వాళ్లు ఆరేసుకున్న బట్టల మీద పడేది. వేరు కింద దూరి ప్రహరీ పగిలింది. పక్కింటి పెద్దమ్మ ఒక్క మాట అనలేదు. అదే మాకు ఎక్కువ బాధ. 2015 నవంబరు వానలకు నేల నానిపోయి, ఒక రాత్రి గాలికి పెద్ద కొమ్మ విరిగి వాళ్ల రేకుల మీద పడింది. మనుషులు లేరు కాబట్టి సరిపోయింది. చెట్టు కొట్టించేశాం. ఆ రోజు అమ్మ పెరట్లోకి రాలేదు.

అంటు మొక్క అంటే చిన్న చెట్టు అని మా నాయన నమ్మాడు. నర్సరీలో కూడా అలాగే చెప్పారు. అంటు కడితే కాపు తొందరగా వస్తుంది, తల్లి చెట్టు కాయే కాస్తుంది. అంతమాత్రాన పొట్టిగా ఉండిపోదు. టెంక మొక్కంత పెరగకపోయినా పెద్ద చెట్టే అవుతుంది. తోటల్లో బంగినపల్లికి చెట్టుకీ చెట్టుకీ 10 మీటర్లు వదులుతారు, అంటే దాదాపు 33 అడుగులు. మీ పెరడు పొడవంతా ఒక్క చెట్టుకే.

మామిడి ఉండి తీరాలంటే ఆమ్రపాలి పెట్టండి. దశేరి, నీలం కలిపి ఢిల్లీలో తయారుచేసిన రకం. రెండున్నర మీటర్ల ఎడంతో వేస్తారు, ఏటా కాస్తుంది. కాయ చిన్నది, లోపల ముదురు నారింజ రంగు. బంగినపల్లి రుచి మాత్రం రాదు, ముందే చెబుతున్నాను. ఇదైనా వదిలేస్తే పెరుగుతుంది. నాటిన మొదటి ఏడే రెండడుగుల ఎత్తులో తల తుంచి, నాలుగు వైపులకీ పోయే మూడు నాలుగు కొమ్మలు ఉంచండి. అంటు కట్టిన చోటుకి కింద వచ్చే చిగుళ్లు ఎప్పటికప్పుడు గిల్లేయాలి. తర్వాత ఏటా కాయ కోయగానే, జూన్, జూలైలో కత్తిరించండి. ముదిరిన కొమ్మ చివరే పూత వస్తుంది కదా, చలికాలంలో కత్తెర వేస్తే ఆ ఏడు కాయ పోయినట్టే.

జామకి ఈ భయం లేదు. కొత్త చిగురు మీదే పూత, కాబట్టి కత్తిరించిన కొద్దీ కాస్తుంది. ఇప్పుడు మా పెరట్లో లక్నో-49 ఉంది. ఏడడుగులు దాటనివ్వను. అమ్మ నిలబడే కోసుకుంటుంది.

నిమ్మకి గూడూరు, పొదలకూరు వైపు తోటల్లో 6 మీటర్లు వదులుతారు. కత్తిరించుకుంటూ ఉంటే ఇంట్లో పదీ పన్నెండు అడుగులు చాలు. బాలాజీ రకం గానీ, పెట్లూరు సెలక్షన్ రకం గానీ అడగండి. కాకపోతే మీ బోరు నీళ్లు ముందు పరీక్ష చేయించండి. ఉప్పు నీళ్లు నిమ్మకి పడవు, ఆకు కొసలు మాడిపోతాయి.

ఉప్పుని సపోటా బాగానే ఓర్చుకుంటుంది. మెల్లగా పెరుగుతుంది కదా అని చాలామంది పెడతారు. మెల్లగానే అయినా దానికీ 10 మీటర్ల చోటు కావాలి. కొబ్బరి మొదలు సన్నం, మట్ట మాత్రం పదిహేను అడుగులు. కాయ ఎవరి నెత్తిన పడుతుందో అని రోజూ చూసుకోవాలి.

మీ చోటుకి నేనైతే ఒక కొసన జామ, ఇంకో కొసన నిమ్మ, నడుమ ఆమ్రపాలి పెడతాను. పదకొండున్నరేసి అడుగుల ఎడం, గోడకి ఆరడుగులు. గుంత తీసేముందు ఒక పని చేయండి. మొక్క పెట్టేచోట పుల్ల పాతి, ఆరడుగుల తాడు కట్టి, ముగ్గుపిండితో గుండ్రంగా గీయండి. ఆ గీత లోపల సెప్టిక్ ట్యాంకు గానీ, నీళ్ల సంపు గానీ, పైన కరెంటు తీగ గానీ ఉంటే చోటు మార్చండి. అదే తాడు పదహారడుగులు చేసి బంగినపల్లికి ఒకసారి గీసి చూడండి, గీత మీ వంటింట్లోకీ పక్కవాళ్ల వాకిట్లోకీ వెళ్తుంది.

మనకి అక్టోబరు నుంచి గట్టి వానలు. గుంతలో నీళ్లు నిలిచి లేత వేరు కుళ్లుతుంది. నేనైతే డిసెంబరులో వాన తెరిపిచ్చాకే నాటతాను.