సిగ్నల్ పీక్ దిగేటప్పుడు దారి ఎందుకు తప్పుతుంది?

సిగ్నల్ పీక్ నుంచి ఒంటరిగా దిగుతూ దారి తప్పానని, ఒక నిట్టనిలువు రాతి అంచు దగ్గర ఆగిపోయి వెనక్కి ఎక్కి వచ్చానని, లోపం జీపీఎస్‌దేనా అని మీరు రాశారు. దాన్ని బట్టి చూస్తే లోపం జీపీఎస్‌ది కాదు, శిఖరం దగ్గర మీరు పట్టుకున్న గట్టుది (శిఖరం నుంచి కిందికి సాగే కొండ వెన్నుది). అరిజోనాలోని కోఫా కొండల్లో 4,877 అడుగుల ఆ శిఖరం వైపు వెళ్లేకొద్దీ గట్లన్నీ ఒకచోట కలుస్తాయి కాబట్టి ఎక్కేవారికి తప్పు తెలియదు. దిగేటప్పుడు అవే గట్లు చీలిపోతాయి కాబట్టి, పైన పదడుగుల తేడా కింద వేరే లోయలో, మీరు ఆగిపోయినటువంటి నిట్టనిలువు రాతి అంచు మీద తేలుతుంది.

1. ఎండిన వాగును విడిచి వాలు ఎక్కే ప్రతిచోటా వెనక్కి తిరిగి నిలబడి, దిగేటప్పుడు కనబడబోయే దృశ్యాన్ని చూసి ఫోటో తీసుకోండి. ఎక్కువమంది వదిలేసే పని ఇదే. ఎక్కుతున్నప్పుడు ఒక చేయి ఎత్తినట్టు కనబడిన సాగ్వారో కాక్టస్ (చేతుల్లాంటి కొమ్మలుండే ఎత్తైన ఎడారి మొక్క), పైనుంచి చూస్తే చేతులే లేని స్తంభంలా ఉండవచ్చు. పైగా మధ్యాహ్నానికి నీడలన్నీ పక్క మారతాయి.

2. అక్కడే, ముందుగా డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాపులో గుర్తు పెట్టండి. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనూ జీపీఎస్ పనిచేస్తుంది, బ్యాటరీ కూడా మిగులుతుంది.

3. తిరిగి ఎక్కలేని రాతి మెట్టు మీదినుంచి ఎన్నడూ జారి దిగకండి. మీరు వెనక్కి ఎక్కి రావడం చాలా సరైన నిర్ణయం.

4. సగం నీళ్లు అయిపోతే, శిఖరం కళ్లెదుటే ఉన్నా వెనుదిరగండి. ఒంటరిగా వెళ్తున్నారు కనుక దారినీ తిరిగివచ్చే వేళనూ ఇంట్లో రాసిపెట్టి వెళ్లండి.