ఒకే తేదీన ఎన్నో సంఘటనలు: నాకు తెలిసిన జూలై 4

"చరిత్రలో ఒకే తేదీన జరిగిన పెద్ద సంఘటనలు ఏవి? అలా కలిసిరావడం వట్టి యాదృచ్ఛికమేనా?" అని అడిగారు. నేను ఒక్క తేదీ గురించే చెబుతాను, జూలై 4. ఆ తేదీ దగ్గర నేను చిన్నప్పుడు చీవాట్లు తిన్నాను కాబట్టి బాగా గుర్తు.

భీమవరం దగ్గర మా హైస్కూల్లో ప్రేయర్ జరిగే చోట ఒక నల్లబల్ల ఉండేది. దాని మీద రోజూ పొద్దున్నే 'చరిత్రలో ఈ రోజు' రాయాలి. ఎనిమిదో తరగతిలో ఆ పని నాకు అప్పజెప్పారు. చరిత్ర వచ్చని కాదు, చేతిరాత బాగుందని. మామూలు రోజుల్లో రెండు లైన్లు దొరకడమే గగనం. జూలై 4 వచ్చిందంటే మాత్రం బల్ల చాలేది కాదు. 1897లో పాండ్రంగిలో అల్లూరి సీతారామరాజు పుట్టారు (వాళ్ల స్వగ్రామం మోగల్లు మాకు సైకిల్ మీద వెళ్లేంత దూరమే, కాబట్టి ఆ లైను పెద్ద అక్షరాలతో). 1902లో బేలూరు మఠంలో వివేకానందుడు కన్నుమూశారు, అప్పటికి ఆయనకు 39 ఏళ్లే. 1963లో పింగళి వెంకయ్య గారు పోయారు. అడుగున కాస్త చోటు మిగిలితే '1776: అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చింది' అని రాశాను.

ప్రేయర్ అవగానే సోషల్ మాస్టారు పిలిచారు. "వచ్చింది అంటావేంట్రా? ఎవరైనా పొట్లం కట్టి ఇచ్చారా? ప్రకటించుకున్నారు. ఆ తరవాత ఇంకో ఏడేళ్లు కొట్టుకుంటే 1783లో ఇంగ్లండ్ ఒప్పుకుంది" అని అందరి ముందూ వాయించారు. ఆ కోపంతోనో రోషంతోనో తరవాత ఈ తేదీ గురించి దొరికిందల్లా చదివాను. అప్పుడు తెలిసింది, అసలు స్వాతంత్ర్యానికి అనుకూలంగా ఓటేసింది జూలై 2న. 4న జరిగింది ప్రకటన పాఠాన్ని ఆమోదించడం. సంతకాలు ఎక్కువ భాగం ఆగస్టులో పడ్డాయి. ఆ ఓటు కోసం పట్టుబట్టిన వాళ్లలో ఒకడు, తరవాత అమెరికా అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ అయితే జూలై 2ని రాబోయే తరాలు పండగలా జరుపుకుంటాయని భార్యకు ఉత్తరం కూడా రాశాడు. రెండు రోజుల తేడాతో జోస్యం తప్పింది పాపం.

ఆ ఆడమ్స్ కథే ఈ తేదీలో నాకు అన్నిటికన్నా వింతగా అనిపిస్తుంది. ప్రకటన రాసింది థామస్ జెఫర్సన్, దాని కోసం సభలో గట్టిగా వాదించింది ఆడమ్స్. ముందు మంచి స్నేహితులు. తరవాత రాజకీయాల్లో ఎడమొహం పెడమొహం అయ్యారు. 1800 అధ్యక్ష ఎన్నికల్లో జెఫర్సన్ చేతిలో ఆడమ్స్ ఓడిపోయాడు, మాటలు ఆగిపోయాయి. 1812లో బెంజమిన్ రష్ అనే పాత మిత్రుడి చలవతో మళ్లీ ఉత్తరాలు మొదలై చివరిదాకా సాగాయి. 1826 జూలై 4న, అంటే ప్రకటనకు సరిగ్గా 50 ఏళ్లు నిండిన రోజున, ఇద్దరూ పోయారు. జెఫర్సన్ వర్జీనియాలో మధ్యాహ్నం, ఆడమ్స్ మసాచుసెట్స్‌లో సాయంత్రం. "జెఫర్సన్ ఇంకా ఉన్నాడు" అన్నట్టు ఆడమ్స్ చివరి మాటల్లో ఒకటి చెబుతారు. అప్పటికి జెఫర్సన్ పోయి కొన్ని గంటలైంది, ఆ కబురు అంత దూరం చేరడానికి రోజులు పట్టే కాలం. మరో ఐదేళ్లకు, 1831లో, ఇంకో మాజీ అధ్యక్షుడు జేమ్స్ మన్రో కూడా జూలై 4నే పోయాడు.

ఇక యాదృచ్ఛికమా అంటే, చాలావరకు అంతే. ఉన్నవి 366 తేదీలు, చరిత్రేమో వేల ఏళ్లది. ఏ తేదీ పట్టుకున్నా నాలుగైదు పెద్ద విషయాలు తగులుతాయి. 40 మంది ఉన్న క్లాసులో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశమే దాదాపు 89 శాతం! కానీ కొన్ని మాత్రం కావాలని పెట్టిన ముహూర్తాలు. ఫిలిప్పీన్స్‌కు 1946 జూలై 4న అమెరికా స్వాతంత్ర్యం ఇచ్చింది. ఆ తేదీని 1934లోనే చట్టంలో రాసుకున్నారు, తమ పండగ రోజే వాళ్లకూ పండగ కావాలని. ఫిలిప్పీన్స్ వాళ్లు 1962లో దాన్ని జూన్ 12కి మార్చేసుకున్నారు, స్పెయిన్ నుంచి తామే స్వాతంత్ర్యం ప్రకటించుకున్న రోజుకి. మా సోషల్ మాస్టారు వింటే సంతోషించేవారు.

వివేకానందుడి విషయం ఎటు వేయాలో నాకు తెలీదు. 1898 జూలై 4న కాశ్మీర్‌లో ఉండగా, వెంట ఉన్న అమెరికన్ శిష్యుల కోసం ఆ రోజును ఉద్దేశించి ఒక కవిత రాశారు. నాలుగేళ్లకు అదే తేదీన పోయారు.

ఇంకో రకం కూడా ఉంది, ఒకే తేదీలా కనిపించి ఒకే రోజు కానివి. షేక్‌స్పియర్, సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23న పోయారని క్విజ్‌ల్లో అడుగుతుంటారు. అప్పటికి స్పెయిన్ కొత్త గ్రెగోరియన్ క్యాలెండర్‌కి మారింది, ఇంగ్లండ్ పాత జూలియన్‌లోనే ఉంది. రెండింటికీ పది రోజుల తేడా. పైగా సెర్వాంటెస్ పోయింది 22న, 23 ఆయన్ని ఖననం చేసిన తేదీ.

క్యాలెండర్ల తిరకాసు మా ఇంట్లోనూ ఉంది లెండి. మా తాతయ్య పోయింది కూడా ఒక జూలై 4నే, సర్టిఫికెట్లో అలాగే ఉంటుంది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆ తేదీ గుర్తుపెట్టుకుని మరీ నానమ్మకి ఫోన్ చేశాను. "ఇవాళ తాతయ్య పోయిన రోజు కదా నానమ్మా" అన్నాను.

"ఇవాళెక్కడరా? తిథి వెళ్లి పదకొండు రోజులైంది. తద్దినం పెట్టిన రోజు నీకు ఫోన్ చేయిస్తే ఎత్తలేదు" అంది.