జుట్టు సంగతి తర్వాత, ముందు ఆ వాంతుల గురించి చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 38. బరువు తగ్గడానికి ఆరు నెలల క్రితం స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. అప్పుడు 118 కిలోలు ఉండేదాన్ని, ఇప్పుడు 84కి వచ్చాను. మెట్లెక్కినా ఆయాసం రావట్లేదు, షుగర్ కూడా బాగా తగ్గింది. అయితే రెండు నెలలుగా జుట్టు విపరీతంగా రాలుతోంది. దువ్వెన పెడితే గుప్పెడు వస్తోంది. బయోటిన్ అనే విటమిన్ వాడమంటున్నారు, వాడొచ్చా? మూడు వారాలుగా ఏం తిన్నా వాంతి అవుతోంది. ఈ ఆపరేషన్ అయ్యాక అది మామూలేనని ఊరుకున్నాను. విటమిన్ మాత్రలు వేసుకుంటే వికారంగా ఉంటోందని మానేశాను. అరికాళ్లు తిమ్మిరిగా ఉంటున్నాయి, ఒక్కోసారి చెప్పు జారిపోయినా తెలియట్లేదు. మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడూ పెయిన్ కిల్లర్ వేసుకుంటాను. జుట్టుకి మంచి మందు చెప్పండి.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు జుట్టు గురించి అడిగారు. నా కన్ను మాత్రం ఆ చెప్పు జారిపోవడం దగ్గరే ఆగిపోయింది. మూడు వారాలుగా వాంతులు, విటమిన్లు మానేయడం, కాళ్లలో తిమ్మిరి. ఈ మూడూ కలిసి ఉన్నప్పుడు అపాయింట్‌మెంట్ దొరికే దాకా ఆగకూడదు. ఈ జవాబు చదివిన రోజే ఆసుపత్రికి వెళ్లండి. మీకు ఆపరేషన్ చేసిన చోటు అయితే మరీ మంచిది, అది దూరమైతే దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఎందుకింత తొందర పెడుతున్నానంటే, బి1 అనే విటమిన్ ఉంది, థయామిన్ అంటాం. మన ఒంట్లో దాని నిల్వ చాలా తక్కువ. లోపలికి వెళ్లడం ఆగిపోతే రెండు మూడు వారాల్లోనే అడుగంటుతుంది. స్లీవ్‌లో పొట్టను నాలుగింట మూడొంతుల పైగా తీసేసి సన్నటి గొట్టంలా మిగులుస్తారు. తినేదే కొంచెం, ఆ కొంచెం కూడా వాంతిలో పోతుంటే, పైగా మాత్రలూ ఆపేస్తే నరాలకు అందేదేముంది? చాలామందిలో ముందు పాదాలు మొద్దుబారతాయి. అక్కడితో ఆగకపోతే మెదడు దాకా వెళ్తుంది. చూపు రెండుగా కనిపించడం, నడకలో తూలడం, మాటల్లో తికమక, మతిమరుపు వస్తాయి. ఇవన్నీ ఒకేసారి రావాలనేం లేదు, ఒక్కటి కనిపించినా ఎమర్జెన్సీయే. ఆ దశ దాటితే కొంత నష్టం శాశ్వతంగా మిగిలిపోవచ్చు.

ఎమర్జెన్సీలో మీ అంతట మీరే చెప్పాల్సిన మాట ఒకటుంది. "నాకు బరువు తగ్గే ఆపరేషన్ అయింది, మూడు వారాలుగా వాంతులు అవుతున్నాయి, విటమిన్లు వేసుకోవట్లేదు" అని మొదటే చెప్పండి. నీరసంగా ఉందనగానే గ్లూకోజ్ ఎక్కించడం చాలా చోట్ల అలవాటు. బి1 లోటు ఉన్నప్పుడు ఆ విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే పరిస్థితి ముదరవచ్చు. ముందుగానో, కనీసం దాంతో పాటుగానో బి1 ఇంజెక్షన్ పడాలి. ఇది చెప్పడానికి మొహమాట పడకండి.

ఉత్తరం చూసి మీకు బి1 లోపమేనని నేను తేల్చలేను. ఒంట్లో బి12 విటమిన్, రాగి (కాపర్) ఖనిజం తగ్గినా తిమ్మిర్లు వస్తాయి, పాత షుగర్ వల్లా రావచ్చు. బరువు వేగంగా తగ్గినవాళ్లకు మోకాలి పక్కన నరానికి రక్షణగా ఉండే కొవ్వు కరిగిపోతుంది. అలాంటప్పుడు కాలు మీద కాలేసుకుని ఎక్కువసేపు కూర్చుంటే ఆ నరం నలిగి పాదం వేలాడుతుంది, చెప్పు నిలవదు. పరీక్ష చేసిన డాక్టరే తేల్చాలి. కానీ రిపోర్టులు వచ్చేదాకా బి1 ఇవ్వకుండా ఆగే పరిస్థితి మాత్రం ఇది కాదు.

ఇక వాంతుల సంగతి. "మామూలే" అని మీకు ఎవరు చెప్పారో గానీ, ఆరో నెలలో రోజూ వాంతులు అవ్వడం మామూలు కాదు. మొదటి వారాల్లో గబగబా తిన్నప్పుడో, సరిగా నమలనప్పుడో ఒకటి రెండు వాంతులు అయితే అర్థం చేసుకోవచ్చు. మూడు వారాలు ఆగకుండా అవుతున్నాయంటే మిగిలిన పొట్ట గొట్టం ఎక్కడైనా ఇరుకైందా, మెలిపడిందా అని చూడాలి. ఎండోస్కోపీ అవసరం పడొచ్చు. వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడవచ్చు, అదీ చూడాలి. గర్భం వచ్చిందేమో కూడా పరీక్ష చేయించుకోండి. బరువు తగ్గాక నెలసరి గాడిలో పడి, అనుకోకుండా గర్భం వచ్చినవాళ్లు ఉన్నారు. ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వద్దనే చెబుతాం.

ఆ పెయిన్ కిల్లర్ ఏమిటో రాయలేదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటిదైతే ఇవాళే ఆపండి. అవి పొట్టలో పుండ్లు చేస్తాయి, వాంతులకు అవీ కారణం కావచ్చు. తప్పనిసరైతే డాక్టర్‌ని అడిగి, చెప్పిన మోతాదులో పారాసెటమాల్ వేసుకోవచ్చు. మలం నల్లగా తారులా వస్తే అది లోపల రక్తం పోతోందనడానికి గుర్తు. షుగర్ తగ్గిందన్నారు, మరి షుగర్ మాత్రలు పాత మోతాదులోనే వేసుకుంటున్నారా? తిండి నిలవని రోజుల్లో వాటిలో కొన్ని ప్రమాదకరం. ఈ విషయం కూడా ఇవాళే అడగండి.

ఒక్క విషయంలో మాత్రం మిమ్మల్ని మందలించక తప్పదు. విటమిన్ మాత్ర వికారం తెప్పిస్తే ఆ మాట డాక్టర్‌కి చెప్పాలి, మీ అంతట మీరే మానేయకూడదు. నమిలేవి ఉన్నాయి, నీళ్లలో కరిగేవి ఉన్నాయి, ఇంజెక్షన్లు ఉన్నాయి. ఐరన్, కాల్షియం ఒకేసారి వేసుకోకుండా రెండు గంటలు ఎడం ఇవ్వాలి, అప్పుడే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు విటమిన్లు బలం మందులు కావు, జీవితాంతం వేసుకోవాల్సిన మందులు. ఇలాగే "బాగానే ఉన్నాను కదా" అని మాత్రలు, చెకప్‌లు రెండూ వదిలేసిన ఒక పేషెంట్‌ని ఇద్దరు పట్టుకుని నా గదిలోకి నడిపించుకొచ్చారు. మళ్లీ సొంతంగా నడవడానికి ఆమెకు నెలలు పట్టింది. వేళ్ల చివర్ల తిమ్మిరి ఇప్పటికీ పోలేదు. మొదట్లో ఆమె కూడా జుట్టు గురించే బాధపడిందట.

జుట్టు విషయంలో మీరు పడుతున్న టెన్షన్ నాకు అర్థమవుతుంది. అంత కష్టపడి బరువు తగ్గాక అద్దంలో పలచబడ్డ పాపిట కనిపిస్తే ఎవరికైనా దిగులేస్తుంది. ఆపరేషన్, వేగంగా బరువు తగ్గడం అనే దెబ్బకు చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్లి, మూడో నెల నుంచి రాలుతాయి. కుదుళ్లు చచ్చిపోవు. ప్రోటీన్, ఐరన్, జింక్ సరిగా అందితే చాలామందికి ఏడాదిలోపు తిరిగి వస్తుంది. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ కావాలి, వాంతులు ఆగకుండా అది ఒంట పట్టదు. బయోటిన్ లోపం లేనివాళ్లకు దానివల్ల లాభం ఉంటుందని నేను చెప్పలేను. పైగా ఎక్కువ మోతాదులో వాడితే థైరాయిడ్, గుండె రక్తపరీక్షల ఫలితాలు తప్పుగా రావచ్చు. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే రక్తం తీసేముందు ఆ సంగతి చెప్పండి.

వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితాలు, వాడుతున్న మాత్రలన్నీ, మానేసినవి కూడా, ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. మీరు బండి నడపొద్దు, పాదం పట్టు తెలియట్లేదు కాబట్టి తోడుగా ఒకరిని తీసుకెళ్లండి.